క్లాసిక్ 350 గార్డుకి హైవే పెగ్గులు: ఏ సైజు క్లాంపు, ఎక్కడ, ఎంత బిగువు?

బరంపురం_బండి:
అందరికీ నమస్తే. బండి క్లాసిక్ 350, 2022 మోడల్, ముందు బటర్‌ఫ్లై గార్డు (బండి పడితే ఇంజనుకి దెబ్బ తగలకుండా ఆపే పైపు) ఉంది. నా ఎత్తు 180 సెం.మీ. ఎన్‌హెచ్-16 మీద విశాఖ వైపు వెళ్తుంటే టెక్కలి వచ్చేసరికి మోకాళ్ళు పట్టేస్తున్నాయి. గార్డుకి హైవే పెగ్గులు, అంటే కాళ్ళు ముందుకి చాపి పెట్టుకునే ఫుట్‌రెస్టులు, పెట్టిద్దామనుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో చూస్తే వాటిని రాడ్డుకి పట్టించే క్లాంపులు 22, 25, 28, 32 మి.మీ. అని రకరకాలు కనిపిస్తున్నాయి. ఏది తీసుకోవాలి? గార్డు మీద ఏ ఎత్తులో పెట్టాలి? తప్తపాణి ఘాట్ వైపు కూడా తరచూ వెళ్తాను, అక్కడ ఏమైనా ఇబ్బందా? ఇక్కడి మిస్త్రీ అయితే వెల్డింగ్ కొట్టేద్దాం అంటున్నాడు.

లేత్_మిస్త్రీ:
ముందు వెల్డింగ్ మాట మర్చిపోండి భాయ్. క్రోమ్ పూత మీద వెల్డింగ్ కొడితే వచ్చే పొగ ఒంటికి మంచిది కాదు. పూత ఊడి అక్కడినుంచే తుప్పు మొదలవుతుంది. అతుకు పక్కన వేడెక్కిన చోట రాడ్డు బలహీనపడి తర్వాత అక్కడే పగులుతుంది. పైగా పెగ్గు అరంగుళం పైకి కావాలంటే మళ్ళీ కోయాల్సిందే. గార్డు బండి మీద ఉండగానే, బ్యాటరీ కూడా తీయకుండా వెల్డింగ్ చేస్తే ఈసీయూ (ఇంజను కంప్యూటరు), ఏబీఎస్ యూనిట్లకి ముప్పు. క్లాంపు పెగ్గులే తీసుకోండి.

సైజు సంగతి. ‘క్లాసిక్ గార్డు అంటే ఇంత’ అని ఎవరు చెప్పినా నమ్మకండి. కంపెనీ గార్డు ఒక లావు, బయట కొన్న బటర్‌ఫ్లై ఇంకో లావు. ఒకే రకం గార్డు రెండు షాపుల్లో రెండు లావుల్లో దొరుకుతుంది. వెర్నియర్ (లావు కొలిచే పరికరం) ఉంటే సరే, లేకపోతే సాగని దారం ఒకటి తీసుకుని రాడ్డు చుట్టూ ఒకే చుట్టు చుట్టి, కలిసిన చోట గుర్తు పెట్టి, స్కేలు మీద కొలవండి. దాన్ని 3.14తో భాగిస్తే లావు వస్తుంది. దారం సుమారు 70 మి.మీ. వస్తే 22 క్లాంపు, 80 వస్తే 25, 90 వస్తే 28, 100 వస్తే 32. అసలు కొలతలు అంగుళాల్లో 7/8, 1, 1-1/8, 1-1/4. షాపువాళ్ళు దగ్గర్లోని మిల్లీమీటరు చెప్పేస్తారు. కాబట్టి 25 అన్నది నిజానికి 25.4, 28 అన్నది 28.6. ఆ కాస్త తేడాతో భయం లేదు.

నేరుగా సాగిన చోటే కొలవండి. వంపు దగ్గర పైపు నొక్కుకుని కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. అక్కడ క్లాంపు రెండు గీతల మీదే పట్టుకుంటుంది, నిలవదు.

రాయగడ_రెంచి:
సైజు మిస్త్రీ గారు చెప్పేశారు. ఎక్కడ పెట్టాలో నేను చెప్తాను. ఇక్కడ తొందరపడితే పెగ్గులు ఉండీ లేనట్టే.

బండిని మెయిన్ స్టాండ్ మీద పెట్టండి. సైడ్ స్టాండ్ మీద కొలిస్తే ఎడమ పక్క కిందికి వంగి ఉంటుంది కాబట్టి రెండు వైపులా ఎత్తు సమానంగా రాదు. రోజూ తొడుక్కునే బూట్లు వేసుకుని, రోజూ కూర్చునే చోటే కూర్చుని, హ్యాండిల్ పట్టుకుని కాలు ముందుకు చాపండి. మోకాలు పూర్తిగా చాచుకోకూడదు. కొంచెం వంపు, 20–30 డిగ్రీలు, మిగలాలి. ఆ వంపు లేకపోతే గతుకు వచ్చిన ప్రతిసారీ దెబ్బ నేరుగా తుంటికి కొడుతుంది. పాదం మడమకి కాస్త ముందు, అరికాలి గుంట దగ్గర, గార్డుకి ఎక్కడ ఆనుతుందో ఇంకో మనిషి అక్కడ టేపు అంటించాలి. రెండో కాలికీ అదే పని. తర్వాత రెండు టేపుల ఎత్తూ నేల నుంచి కొలవండి. తేడా ఉంటే మధ్యస్థంగా ఒక ఎత్తు తీసుకుని రెండువైపులా అదే పెట్టండి.

పాదం ఎంత ఎత్తులో ఉండాలి? మోకాలి కంటే బాగా కిందే. పెగ్గు మరీ పైకి వెళ్తే తొడ వెనక నరాలు లాగుతాయి, నడుము వెనక్కి వంగిపోతుంది. బటర్‌ఫ్లై గార్డులకి పై వంపు దగ్గర జాగా ఎక్కువగా కనబడుతుంది కదా అని చాలామంది అక్కడే బిగించేస్తారు. ఫోటోలో బాగుంటుంది, అరగంట తర్వాత బాగుండదు.

ఇంకో సంగతి. రాడ్డు నిలువుగా ఉన్న చోట క్లాంపు కిందికి జారుతుంది. అడ్డంగా ఉన్న చోట కాలి బరువుకి తిరుగుతుంది. జారుడుని ఆపడం తేలిక: కింద ఏదైనా అతుకో పట్టీయో ఉంటే దానికి ఆనించి పైన క్లాంపు పెట్టండి, లేదా అదే లావుకి ఒక స్టాపర్ రింగు వేయించండి. తిరుగుడుని ఆపడానికి మాత్రం క్లాంపు బిగువు ఒక్కటే దిక్కు. అందుకే వీలుంటే నిలువు రాడ్డు, లేదా బాగా ఏటవాలుగా ఉన్న రాడ్డు చూసుకోండి.

బరంపురం_బండి:
రెంచి గారూ, చాలా థాంక్స్. దారంతో రేపు కొలుస్తాను. క్రోమ్ గీసుకుపోకుండా క్లాంపు లోపల సైకిల్ ట్యూబ్ ముక్క పెట్టొచ్చా?

లేత్_మిస్త్రీ:
పెట్టకండి. రబ్బరు బిగిస్తే అణుగుతుంది, అణిగాక రెండు రోజుల్లో ఇంకొంచెం పక్కకి పాకుతుంది. అంటే మీరు బోల్టుకి ఇచ్చిన బిగువు తగ్గిపోయినట్టే. మళ్ళీ బిగిస్తారు, మళ్ళీ పాకుతుంది. చివరికి గుంతలో పడ్డప్పుడు పెగ్గు కిందికి తిరిగిపోతుంది, కాలు జారుతుంది. గీతలు పడకూడదంటే కూల్‌డ్రింక్ డబ్బా రేకు పట్టీ కోసి ఒక్క చుట్టు వేయండి. పల్చటి అల్యూమినియం కదా, అణగదు, క్రోమ్‌ని కాస్త కాపాడుతుంది. క్లాంపు అరమిల్లీ వదులుగా ఉన్నా ఇదే రేకుతో సరిపెట్టొచ్చు. అంతకు మించి వదులుంటే క్లాంపు మార్చాల్సిందే.

బిగించే పద్ధతి. రాడ్డు మీద పాలిష్, నూనె, మైనం ఏవీ ఉండకూడదు. పెట్రోలు గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. క్లాంపు రెండు ముక్కలూ పెట్టి, రెండు బోల్టులూ చేత్తో ఎక్కించండి. ఇప్పుడు రెండు ముక్కల మధ్య సందు చూడండి. రెండు పక్కలా సమానంగా ఉండాలి. ఒక బోల్టు పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే ఒక పక్క మూసుకుపోయి ఇంకో పక్క నోరు తెరుచుకుంటుంది. పట్టు సగమే. అర చుట్టు ఇటు, అర చుట్టు అటు తిప్పుతూ రండి. పూర్తిగా బిగించాక కూడా సందు ఒకటి రెండు మిల్లీమీటర్లు మిగలాలి. ముక్కలు ఒకదానికొకటి ఆనేశాయంటే క్లాంపు రాడ్డు కన్నా పెద్దదని అర్థం. ఇక ఎంత తిప్పినా బోల్టే సాగుతుంది, రాడ్డుని పట్టుకోదు.

బిగువు: ఎం8 బోల్టు, 8.8 గ్రేడ్, అల్యూమినియం క్లాంపులోకి అయితే 18–20 న్యూటన్ మీటర్లు. ఎం6 అయితే 9–10 చాలు. టార్క్ రెంచి లేదా? 13 నంబరు స్పానరు తీసుకుని, బోల్టు మధ్య నుంచి సరిగ్గా 15 సెం.మీ. దూరంలో స్ప్రింగు కాటా కొక్కెం తగిలించి, స్పానరుకి అడ్డంగా లాగండి. కాటా మీద 13–14 కిలోలు చూపించినప్పుడు 20 న్యూటన్ మీటర్లు వచ్చినట్టు. చింతపండు తూచే కాటా చాలు.

నట్టు వైపు నైలాక్ (లోపల నైలాన్ రింగు ఉండి వదులు కాని నట్టు) ఉంటే వేరే గమ్ అక్కర్లేదు. బోల్టు నేరుగా అల్యూమినియం మరలోకి దిగే రకమైతే నీలం రంగు థ్రెడ్ లాకర్ ఒక చుక్క. ఎర్రది వద్దు, వేడి చేస్తే తప్ప ఊడదు. మర లోపలికి కనీసం 12 మి.మీ. దిగాలి. 8 మి.మీ.తో సరిపెట్టిన క్లాంపులు వస్తున్నాయి, రెండు మూడుసార్లు విప్పి బిగిస్తే మర లేచిపోతుంది.

యూ-బోల్టు రకం చవగ్గా దొరుకుతుంది. దాని జోలికి పోకండి. సన్న గీత మీద ఒత్తిడంతా పెట్టి పల్చటి పైపుకి సొట్ట చేస్తుంది.

ఇచ్ఛాపురం_16:
ఏటి గురూ, కాళ్ళు చాపుకోడానికి ఇంత ఇంజనీరింగా 😄 బిగించుకుని పోవడమే. నరసన్నపేట దాటాక రెండు కాళ్ళూ పైన పెట్టి 90 మీద వెళ్తుంటే ఆ సుఖమే వేరు.

జయపురం_ఘాట్:
ఆ సుఖం లెక్క ఒకటి ఉంది గురూ. 80 మీద బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది, 90 మీద 25. కాలు గార్డు మీద నుంచి దించి, వెనకున్న బ్రేకు పెడల్ వెతుక్కుని, దాని మీద పెట్టడానికి అదనంగా అర సెకను పట్టిందనుకోండి. 90 మీద 12 మీటర్లు. ఒక లారీ పొడవు దాటిపోయింది, బ్రేకు ఇంకా పడనే లేదు. మన ఎన్‌హెచ్-16 మీద డివైడరు సందుల్లోంచి ఆవులు, రాంగ్ సైడ్‌లో ట్రాక్టర్లు వస్తాయని మీకు నేను చెప్పాలా?

ముందు బ్రేకు చేతిలోనే ఉందిగా అంటారు. ఉంది. కాని రెండు పాదాలూ ముందుకి చాపి ఉన్నప్పుడు ముందు బ్రేకు గట్టిగా పట్టారంటే ఒళ్ళంతా ముందుకి జరుగుతుంది. ఆ బరువు ఆపుకోడానికి మోకాళ్ళతో ట్యాంకు నొక్కే వీలు ఉండదు కాబట్టి బరువంతా చేతుల మీదే పడుతుంది. హ్యాండిల్ అదురుతుంది.

నా పద్ధతి ఒకటే: ఎడమ కాలు పైకి వెళ్తే కుడి కాలు మామూలు పెగ్గు మీదే ఉండాలి. కొంతసేపటికి మార్చుకోండి. కుడి కాలు పైకి వెళ్ళిన కాసేపూ దారి నేరుగా, ఖాళీగా, కంటికి అందినంత దూరం కనపడుతూ ఉండాలి. బైపాస్ జంక్షన్, టోల్ ప్లాజా, ఊరి బోర్డు, దేని దగ్గరకి వచ్చినా రెండూ కిందే.

ఘాట్ మాట. తప్తపాణి కానీ, ఇటు పొట్టంగి నుంచి సాలూరు దిగే సుంకి ఘాట్ కానీ, పెగ్గులు మడిచి పెట్టుకోవాల్సిందే. మడవని పెగ్గు అయితే అసలు కొనకండి. మలుపులో బండి వంగినప్పుడు పెగ్గు రోడ్డుకి తగిలితే, అది పైకీ వెనక్కీ మడుచుకుపోవాలి. మడుచుకోకపోతే పెగ్గే నేల మీద ఊతకర్ర అయి బండిని పైకి లేపుతుంది, చక్రం పట్టు వదిలేస్తుంది. కేవలం పైకి మాత్రమే మడిచే రకం కన్నా కాస్త వెనక్కి వాలుగా మడిచే రకం నయం. క్లాంపు తిప్పి ఆ వాలు మనమే పెట్టుకోవచ్చు కూడా.

మడత కీలు బోల్టు మరీ బిగించేస్తే పెగ్గు మడుచుకోదు, వదిలేస్తే గతుకులకి దానంతట అదే కిందా మీదా ఊగుతుంది. వేలితో గట్టిగా తోస్తే కదలాలి, బండి ఊపుకి కదలకూడదు. లోపల బంతి, స్ప్రింగు ఉన్న రకం అయితే ఈ బాధ లేదు, టక్కున పడి నిలుస్తుంది.

ఇచ్ఛాపురం_16:
సరే, లెక్క ఒప్పుకున్నాను. అయినా రాత్రి ఖాళీ రోడ్డు మీద రెండూ పెడతా. మీరు చూడకండి.

జయపురం_ఘాట్:
రాత్రే మరీ వద్దు. ఆవు నల్లగా ఉంటుంది.

ఆస్కా_ఫిజియో:
ఒంటి వైపు నుంచి రెండు మాటలు. మోకాలు గంటల తరబడి ఒకే వంపులో ఉంటే మోకాలిచిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది, మోకాలి వెనక రక్తప్రసరణ మందగిస్తుంది. అసలు బాధ వంపు కంటే కదలకుండా ఉండిపోవడం వల్లే ఎక్కువ. కాబట్టి హైవే పెగ్గు ఇంకో ఆసనం లాంటిదే తప్ప అసలు ఆసనం కాదు. పది, పదిహేను నిమిషాలు చాపుకుని మళ్ళీ మామూలుకి వచ్చేయాలి.

ఎందుకంటే, మామూలు పెగ్గుల మీద పాదాలున్నప్పుడు ఒంటి బరువులో కొంత కాళ్ళు మోస్తాయి, గుంత వస్తే కాస్త లేవొచ్చు. పాదాలు ముందుకి వెళ్ళగానే ఆ బరువంతా పిరుదుల మీద, తోక ఎముక మీద పడుతుంది. నడుము లోపలికి ఉండాల్సిన వంపు తిరగబడి గూని పడుతుంది. గుంత వస్తే ఆ దెబ్బ నేరుగా వెన్నుకి. మోకాళ్ళ నొప్పి పోగొట్టుకుని నడుం నొప్పి తెచ్చుకునేవాళ్ళు ఇందుకే ఎక్కువ. వెనక సీటు మీద బ్యాగు గట్టిగా కట్టి నడుము కింది భాగానికి ఆనేలా పెట్టుకుంటే తేడా బాగా తెలుస్తుంది. డిస్కు సమస్య ఇప్పటికే ఉన్నవాళ్ళు పెగ్గుల కంటే ముందు సీటు చూసుకోండి.

బరంపురం_బండి గారూ, 180 సెం.మీ. ఎత్తుకి ఇంకో ఉపాయం: సీటు ఫోమ్ 20–25 మి.మీ. గట్టిది వేయించి పైకి లేపితే మామూలు పెగ్గుల మీదే మోకాలి వంపు తగ్గుతుంది. మీ ఎత్తుకి నేల మీద పాదాలు అందడంలో ఇబ్బంది ఉండదు. పెగ్గులు కొనేముందు ఒక దుప్పటి మడిచి సీటు మీద వేసుకుని ఊరు చుట్టూ ఒక రౌండు తిరిగి చూడండి.

కోరాపుట్_కాఫీ:
ఇదే ప్రశ్న రెండో వైపు నుంచి అడుగుతున్నాను. నా ఎత్తు 155 సెం.మీ. హంటర్ 350. నాకు ఈ పెగ్గులు పనికొస్తాయా? గార్డు దాకా కాలు చాపితే సీటు మీద ముందుకి జారాల్సి వస్తోంది.

రాయగడ_రెంచి:
జారాల్సి వస్తోందంటే ఆ చోటు మీది కాదక్కా. ముందుకి జారి పెట్టుకున్న కాలు పది నిమిషాల్లో మళ్ళీ నొప్పెడుతుంది. హ్యాండిల్ మీద చేతులు కూడా మరీ దగ్గరకొచ్చేస్తాయి. రెండు దారులు. ఒకటి, ముందుకి పొడుచుకొచ్చే గార్డు కాకుండా ఇంజనుకి దగ్గరగా కిందికి దిగే సన్న గార్డు పెట్టి, దాని కింది వంపుకి పైన పెగ్గు పెట్టడం. రెండు, వెనక్కి ఆఫ్‌సెట్ ఉన్న క్లాంపు, అంటే క్లాంపు నుంచి ఒక చిన్న చెయ్యి వచ్చి దాని చివర పెగ్గు ఉండే రకం. కాని ఆ చెయ్యి పొడవు 5–6 సెం.మీ. దాటకూడదు. చెయ్యి పొడవైన కొద్దీ అదే కాలు బరువు క్లాంపుని అంత గట్టిగా తిప్పుతుంది. 10 సెం.మీ. చెయ్యికి 5 సెం.మీ. దానితో పోలిస్తే రెట్టింపు.

నిజం చెప్పాలంటే మీ ఎత్తుకి మోకాలి వంపు ఇబ్బంది తక్కువే ఉండాలి. నొప్పి ఎక్కడో ముందు చూసుకోండి. పిరుదులైతే సీటు, మణికట్టులైతే హ్యాండిల్.

కోరాపుట్_కాఫీ:
పిరుదులే 😐 సీటు చూస్తాను. థాంక్స్.

పర్లాకిమిడి_పల్సర్:
నా పల్సర్‌కి గార్డు చిన్నది, ముందు చక్రానికి దగ్గరగా ఉంది. ఇంజను మౌంటు బోల్టు పొడవుది వేయించి, దానికే పెగ్గు బిగిస్తే ఎలా ఉంటుంది? ఇక్కడో మెకానిక్ చేస్తానంటున్నాడు.

లేత్_మిస్త్రీ:
వద్దు తమ్ముడూ. ఇంజను మౌంటు బోల్టు పని ఇంజనుని ఫ్రేముకి నొక్కి పట్టడం. దాని చివర బయటికి పొడిచి కాలు పెడితే బోల్టు వంగే బలం పడుతుంది, అది దాని పని కాదు. నట్టు కింద వాషర్లు, గొట్టాలు పెరిగే కొద్దీ బిగువు త్వరగా దిగుతుంది. ఇంజను వణుకు మొదలవుతుంది, ఆ వణుకు పాదానికీ వస్తుంది. పైగా బండి పడితే దెబ్బ నేరుగా ఇంజను కేసు చెవికి. అల్యూమినియం చెవి విరిగితే ఆ ఖర్చు పెగ్గుల్లో తేలదు.

గార్డు కూడా ఊరికే నమ్మకండి. పల్చటి పైపుతో చేసినవి చాలా వస్తున్నాయి. పెగ్గు పెట్టేముందు గార్డు పైన, కింద బిగించిన బోల్టులు ఎలా ఉన్నాయో చూసి, గార్డు చివర పట్టుకుని ఊపి చూడండి. ఊగితే ముందు అది సరిచేయాలి. అతుకుల దగ్గర గోరు పెట్టి గీస్తే తగిలేలా సన్న గీత ఉందంటే అది పగులు. దాని మీద పెగ్గు వద్దు.

జయపురం_ఘాట్:
చక్రం దగ్గరగా ఉందన్నావు, అది అసలు సంగతి. గార్డు ఫ్రేముకి ఉంటుంది, చక్రం ఫోర్కుతో పాటు పైకీ వెనక్కీ వస్తుంది. క్లాసిక్ ఫోర్కు కదలిక 130 మి.మీ. ఇద్దరు మనుషులు ముందు బ్రేకు పట్టి హ్యాండిల్ మీద బరువు వేసి కిందికి నొక్కినప్పుడు బూటు మొన నుంచి టైరుకి, మడ్‌గార్డు ఊచలకి కనీసం 5 సెం.మీ. ఉండాలి. మనుషులు నొక్కితే ఫోర్కు చివరిదాకా దిగదు, కాబట్టి ఆ 5 సెం.మీ. నుంచి బేరమాడకు. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి కూడా చూడు. మడిచిన పెగ్గు హారన్‌కో మడ్‌గార్డుకో తగులుతోందేమో అదీ చూడు. విప్పి ఉన్నప్పుడు మాత్రమే కొలిచి వదిలేస్తారు చాలామంది.

క్లాసిక్ వాళ్ళకి ఇంకోటి: కుడి పక్క సైలెన్సర్ బెండు పైపు ఇంజను ముందు నుంచే దిగుతుంది. బూటు అడుగు దానికి తగిలితే రబ్బరు కరిగి పైపు మీద నల్లగా అంటుకుంటుంది, గీకినా పోదు. ఇంజను గాలితో చల్లబడే రకం. బూట్లు సరిగ్గా సిలిండరు రెక్కలకి ఎదురుగా పెట్టి గాలి ఆపకండి.

గోపాల్‌పూర్_ఉప్పుగాలి:
కోస్తా వాళ్ళకి ఒక హెచ్చరిక. స్టెయిన్‌లెస్ బోల్టు, అల్యూమినియం క్లాంపు, మధ్యలో ఉప్పు తేమ. ఈ మూడూ కలిస్తే అల్యూమినియం తెల్లపొడిగా తినేస్తుంది, ఏడాది తర్వాత బోల్టు విప్పబోతే మరతో సహా ఊడొస్తుంది. గోపాల్‌పూర్, రంభ, బలుగాం వైపు తిరిగే బళ్ళకి ఇది తప్పదు. మరకి యాంటీ సీజ్ పేస్టు (మర పట్టేయకుండా రాసేది) కొంచెం రాయండి. అది జారుడు ఇస్తుంది కాబట్టి బిగువు నాలుగో వంతు తగ్గించాలి, 20 బదులు 15. పేస్టు రాసిన చోట థ్రెడ్ లాకర్ పనిచేయదు. రెండిట్లో ఒకటే. నైలాక్ నట్టు రకం తీసుకుంటే ఈ తగువే ఉండదు.

క్లాంపు లోపల ఇరుక్కున్న నీళ్ళు కూడా క్రోమ్‌ని తింటాయి. వర్షాకాలం అయ్యాక ఒకసారి విప్పి తుడవండి.

ఇచ్ఛాపురం_16:
నా పెగ్గుల మీద 80 దాటితే అరికాళ్ళు జివ్వుమంటున్నాయి. పాత 350 ఇంజను. మందేదైనా ఉందా?

రాయగడ_రెంచి:
పాత ఇంజనుకి బ్యాలెన్సర్ షాఫ్ట్ (వణుకు తగ్గించే షాఫ్ట్) లేదు. 2020లో మెటియోర్‌తో వచ్చిన కొత్త ఇంజనుకి ఉంది, 2021 నుంచి క్లాసిక్‌కీ అదే. మీదానికి వణుకు ఎలాగూ ఎక్కువ. గార్డు రెండు చోట్ల మాత్రమే పట్టుకున్న పొడవాటి రాడ్డు కదా, ఒక స్పీడు దగ్గర అది కూడా ఇంజనుతో తాళం కలుపుతుంది. తాళం కలిసే చోట నుంచి పెగ్గుని తప్పించాలి. గార్డు ఫ్రేముకి బిగిసిన చోటుకి దగ్గరగా మూడు నాలుగు సెం.మీ. జరిపి చూడండి. బోలు అల్యూమినియం పెగ్గు ఉంటే దాని బదులు బరువైన ఇనుప పెగ్గు వేసినా తాళం ఇంకో స్పీడుకి మారుతుంది. పైన మందపాటి రబ్బరు ప్యాడు ఉంటే పాదానికి తగిలేది తగ్గుతుంది. క్లాంపు దగ్గర కాదు, పెగ్గు పైన మాత్రమే రబ్బరు. ఇది కలిపేసుకోకండి.

వర్షంలో నున్నటి రబ్బరు జారుతుంది. గాళ్ళు ఉన్నది చూడండి.

పర్లాకిమిడి_పల్సర్:
పోలీసు ఆపితే ఏమంటారు?

గోపాల్‌పూర్_ఉప్పుగాలి:
మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఫ్రేము కోయడం, రంధ్రాలు వేయడం, వెల్డింగ్ చేయడం ఆ గీత దాటినట్టే. బోల్టుతో బిగించి బోల్టుతో విప్పే పెగ్గు దాని కంటే చాలా తక్కువ గొడవ. అయినా పెగ్గు చివర హ్యాండిల్ చివర కన్నా బయటికి రాకుండా చూసుకోండి. ఊళ్ళో మడిచే ఉంచండి. బడాబజార్ సందులో ఎవరి పిక్కకో తగిలితే చట్టం కంటే ముందు వాళ్ళే మాట్లాడతారు.

బరంపురం_బండి:
దారంతో కొలిచాను. నిలువు రాడ్డు దగ్గర 90 మి.మీ. అంటే 28 క్లాంపు. టేపు గుర్తు కూడా ఆ నిలువు రాడ్డు మీదే పడింది, దాని కింద రెండు వేళ్ళ దూరంలో అడ్డ పట్టీ అతుకు ఉంది. బిగించాక ఎప్పుడెప్పుడు చూసుకోవాలి?

లేత్_మిస్త్రీ:
చోటు బాగా కుదిరింది. క్లాంపుని ఆ అతుకు మీద ఎక్కించకుండా పైన ఆనించండి. అతుకు ఉబ్బు మీద కూర్చుంటే క్లాంపు వంకరగా పడుతుంది.

బిగించాక క్లాంపు నుంచి రాడ్డు మీదకి అడ్డంగా గోళ్ళరంగుతో ఒక గీత గీయండి. బోల్టు తలకీ ఒకటి. గీత విరిగితే కదిలినట్టు, ఇక స్పానరు లేకుండానే తెలిసిపోతుంది. మొదటి 50 కిలోమీటర్లకి ఒకసారి మళ్ళీ బిగువు చూడాలి, అప్పుడు ఎంతో కొంత దిగుతుంది, కంగారు పడకండి. 300కి ఇంకోసారి. ఆ తర్వాత చైన్‌కి నూనె వేసినప్పుడల్లా గీత చూస్తే చాలు. మూడోసారి కూడా కదిలిందంటే బిగువు తప్పు కాదు, క్లాంపు సైజు తప్పు.

రోడ్డెక్కేముందు బండి పక్కన నిలబడి, ఇంకొకరు బండి పట్టుకోగా, ఒక కాలితో పెగ్గుని గట్టిగా కిందికి తొక్కండి. నిలువు రాడ్డు కాబట్టి ముందుకీ వెనక్కీ కూడా తోసి చూడండి, అది తిరిగేది ఆ వైపే. కదలకూడదు. అంతేగాని రైడింగ్‌లో వాటి మీద లేచి నిలబడకండి. కూర్చున్న మనిషి కాలు బరువుకి సరిపోయిన చోటు నిలబడ్డ మనిషి బరువుకి సరిపోదు.

బరంపురం_బండి:
క్లాంపుతో పాటు 6 నంబరు అలెన్ కీ కూడా ఆర్డర్ పెట్టేస్తున్నాను.

లేత్_మిస్త్రీ:
ఆగండి. ఎం8లో గుండ్రటి బల్లపరుపు తల ఉన్న బోల్టు వస్తే దానికి 5 నంబరు పడుతుంది. గొట్టం తల అయితేనే 6. సెట్టు తీసుకోండి, బండిలో కూడా పనికొస్తుంది.